మన వీధి మీద ఎర్రగీత

అమ్మకి దండాలు.

ఇక్కడ అందరం బాగున్నాం, నీ అల్లుడి గురకతో సహా. నీ మోకాళ్లు నీ మాట వింటున్నాయనుకుంటాను.

అమ్మా, ఇల్లు ఎక్కడికీ పోదు! ఈ మాట ముందు చెప్పకపోతే నా గుండె ఆగేట్టుంది. ఫ్లైఓవర్ కోసం మన వీధి వెడల్పు చేసే పని రద్దయింది. నిన్న మా కార్పొరేషన్ హెడ్డాఫీసులో కమిషనర్ గారు ఫైలు మీద సంతకం పెడుతుంటే కళ్లారా చూశాను.

"ఆరేళ్లుగా కూలుస్తామన్నవాళ్లకి ఇప్పుడు జాలి ఎక్కణ్నుంచి పుట్టుకొచ్చింది?" అంటావు. జాలీ లేదు, గీలీ లేదు. ఖజానా ఖాళీ! ఫ్యాక్టరీలు మూతపడ్డాయి, కార్లు కొనే నాథుడు లేడు, బస్సుల్లో కాలు పెట్టే చోటు లేదు. ఇక ఫ్లైఓవర్ ఊసెత్తకుండా, ఉన్న రోడ్డులోనే బస్సుకో దారి, నడిచేవాళ్లకో దారి వేయమన్నారు. మన వీధి మలుపులో ఎండలో టేపు పట్టుకుని కొలుస్తున్న బట్టతలాయన ఎవరని అడిగావు కదా, ఆయన మా పెద్దసారే! నిన్నమొన్నటిదాకా కార్లు తప్ప మనుషులు కనపడని మనిషి. డబ్బున్నప్పుడు రాని బుద్ధి ఇప్పుడొచ్చింది. నాకైతే కాళ్లు నేల మీద నిలవడం లేదు.

కూల్చేందుకు ప్లానులో మన ఇంటి మీంచి ఎర్రగీత గీసిన మహానుభావుడెవరో కనుక్కోమని నాలుగు ఉత్తరాలుగా అడుగుతున్నావు. నాలుగుసార్లూ దాటేశాను.

నేనేనమ్మా.

"ఏ పక్క కొట్టేసినా ఒకటే, నువ్వే చూసుకో" అన్నారు పెద్దసారు. ఎదురింటి టైలరత్త వైపు గీస్తే, వాళ్లమ్మ ఇల్లు కాపాడుకుందని ఆఫీసులో అంతా అంటారని భయపడ్డాను. నిజాయితీపరురాలిననిపించుకోవాలని నీ వంటగది మీంచే గీసేశాను. కూలే ఇంటికి రిపేరెందుకని నువ్వు కారే కప్పు కింద గిన్నెలు పెట్టుకుంటుంటే, నేనిక్కణ్నుంచి "అయ్యో పాపం" అని జాబులు రాశాను. సిగ్గుతో చచ్చిపోతున్నాను.

గీత చెరిపింది కూడా నేను కాదు. ప్రభుత్వం దగ్గర డబ్బుండి ఉంటే ఈపాటికి బుల్డోజర్ వచ్చేది, నేను నోరెత్తేదాన్ని కాదు.

కొత్త కాలిబాట మళ్లీ నన్నే గీయమన్నారు. ఈసారి ఆఫీసులో కూర్చుని గీయను. ఆదివారం వస్తున్నాను. నువ్వూ టైలరత్తా వీధిలో నిలబడి ఎక్కడ వేయమంటే అక్కడే గీస్తాను. అంతకంటే ముందు, నన్ను తిట్టాలనుకున్నవన్నీ తిట్టు. తలుపు మాత్రం తియ్యమ్మా.

ఇట్లు,
చెంపలు వేసుకుంటూ,
నీ పెద్దకూతురు