రెండు సెకన్ల బొమ్మ

పలాస, మంగళవారం రాత్రి

ఇవాళ బొమ్మ రెండు సెకన్లలో వచ్చేసింది. ఎలుక మెదడులో ఏ కణం ఎప్పుడు స్పందించిందో చూపే బొమ్మ. ఒక్కో స్పందనకి ఒక్కో చిన్న నిలువు గీత. ఇన్నాళ్లూ కంప్యూటర్‌ చేత గీతల్ని విడివిడిగా గీయించేదాన్ని, అరగంట పట్టేది. ఇవాళ మధ్యమధ్య ఖాళీలు వదిలి, అన్నిటినీ ఒకే గీతలా ఒక్కసారే గీసేలా కోడ్ రాశాను. అంతే! గంతేయాలనిపించింది. గదిలో ఎవరున్నారు చూడ్డానికి?

ఆ అరగంటే నేను కిందికి వెళ్లే వేళ. ఇంటి ఓనరు వరాలు పిన్ని జీడిపప్పు పొట్టు తీస్తుంటే పక్కన కూర్చునేదాన్ని. ఈ ఊళ్లో నాతో మాట్లాడేది ఆవిడొక్కతే. బొమ్మ వచ్చేదాకా కూర్చుంటానని వెళ్లేదాన్ని. ఇప్పుడు ఏమని వెళ్లను?

సాయంత్రం మెట్ల కిందనుంచి పిన్నే కేకేసింది.

"ఏటమ్మా, ఈయేల రానేదు? నీ మిషను పాడైపోనాదేటి?"

"లేదు పిన్నీ, బాగైంది."

"బాగైతే రావేటి మరి?"

పనుందని అబద్ధమాడాను. తర్వాత అదే బొమ్మని మళ్లీ మళ్లీ గీయిస్తూ కూర్చున్నాను, కింద ఆవిడ చేట చప్పుడు ఆగిపోయేదాకా.

అరగంట పట్టే పాత కోడ్ ఇంకా చెరపలేదు.