దగ్గరుండి చూస్తే చాలు

జూలై 3, గురువారం

బోయిన్‌పల్లి మార్కెట్ వెనక స్కూల్లో ఈ రోజు నా ప్రకృతి కథల మొదటి సెషన్. మూడో తరగతి. పెట్టెలో నిమ్మకొమ్మలు, వాటి మీద గొంగళిపురుగులు. ఇంకా చిన్నవి, నల్లగా తెల్లగా ఉన్నాయి. అభిరామ్ అనే పిల్లాడు పిట్ట రెట్ట అని అరిచాడు. క్లాసంతా ముక్కు మూసుకుంది. శత్రువులకు అలా కనబడాలనే దాని ప్లాన్ అని చెప్పాను. అప్పుడు అందరూ ముందుకొచ్చారు.

ఒక పిల్ల మాత్రం ముందే వచ్చి అరచెయ్యి చాపి నిలబడింది. పురుగు మణికట్టు దాకా పాకినా కదల్లేదు. పేరు జన్నత్. ప్రిన్సిపల్ కాంతమణి గారు తర్వాత చెప్పారు, మే నెలలో జ్వరం వచ్చి వాళ్లమ్మ పోయిందట. స్కూళ్లు తెరిచినప్పట్నుంచి ఆ పిల్ల నోరు విప్పలేదట.

జూలై 7

పురుగులు ఆకుపచ్చగా మారాయి. తినడమే పని. పక్కింటి నిమ్మచెట్టు బోడి చేస్తున్నానని మా ఆయన ఉదయ్ నవ్వుతున్నాడు.

జూలై 10, గురువారం

ఈ ఏడాదిలో నా బెస్ట్ సెషన్.

ముందు గొంగళిపురుగు సీతాకోకచిలుకయ్యే కథ చెప్పాను. తర్వాత ఆట. ఇంట్లోంచి పాత తెల్ల దుప్పటి తీసుకెళ్లాను. అభిరామ్‌ను నేల మీద పడుకోబెట్టి తలనుంచి కాళ్ల దాకా చుట్టాను. పిల్లలంతా చుట్టూ కూర్చున్నారు. చచ్చిపోయిండా టీచర్ అని ఎవరో అడిగారు. లేదు, చచ్చిపోయినట్టు కనిపిస్తుంది అంతే, లోపల మారుతోంది అన్నాను. కాసేపటికి వాడు దుప్పటి తన్నుకుని లేచాడు, వీపుకి చార్ట్ పేపర్ రెక్కలు. చప్పట్లు విని పక్క క్లాసు టీచర్ వచ్చి చూసింది.

అప్పుడు జన్నత్ మాట్లాడింది. అవును, మాట్లాడింది! ఎన్ని రోజులు పడ్తది అని అడిగింది. వారం, పది రోజులు, కొన్నిటికి నెలలు కూడా అన్నాను. మనం విప్పొచ్చా అంది. వద్దు, అదే రావాలి అన్నాను. మరి మనమేం చెయ్యాలె అంది.

దగ్గరుండి చూస్తే చాలు అన్నాను.

కాంతమణి గారి రూముకి దాదాపు పరిగెత్తాను. ఆవిడ కళ్లలో నీళ్లు తిరిగాయి. నాకూను.

జూలై 14

మూడు ప్యూపాలు, తొడుగులో ముడుచుకుని ఐదు రోజులైంది. ఒకదాని రంగు నాకు నచ్చడం లేదు.

జూలై 17, గురువారం. మధ్యాహ్నం

క్లాసులోనే రెండు సీతాకోకచిలుకలు బయటికొచ్చాయి. రెక్కలు ఆరేదాకా పిల్లలు ఊపిరి బిగబట్టి చూశారు. మూడోది నల్లబడింది. జన్నత్ రాలేదు. తను చూడాల్సింది.

అదే రోజు, సాయంత్రం

కాంతమణి గారి ఫోన్. జన్నత్ పొద్దున్న స్కూలుకని బయల్దేరి రాలేదట. సాయంత్రం ఖబరస్తాన్‌లో దొరికిందట. రోజంతా వాన. వాళ్లమ్మ సమాధి పక్కన బురదలో కూర్చుని ఉందట. వారం నుంచి స్కూలు వదిలాక రోజూ పోతోందని కాపలా అతను చెప్పాడట. ఎవరో చుట్టాల పిల్ల అనుకున్నాడట.

బ్యాగులో పుస్తకాలు లేవు. వాళ్లమ్మ చెప్పులు, ఒక దుపట్టా ఉన్నాయట.

ఎందుకు పోయినవ్ అని తండ్రి అడిగితే చెప్పిందట: “అమ్మీ తెల్ల దుప్పట్లనే ఉంది కద. టీచర్ చెప్పింది. బయటికొచ్చినప్పుడు ఎవ్వరూ లేకపోతే భయపడ్తది.”

ఫోన్ పెట్టేశాక ఏం చేశానో గుర్తు లేదు. పొయ్యి మీద పాలు మాడిపోయాయి.

జూలై 19

వాళ్లింటికి వెళ్లాను. మార్కెట్ పక్క సందు. తండ్రి పీర్ మహమ్మద్ సోఫాలు బాగుచేస్తాడు. గుమ్మం ముందంతా స్పాంజి ముక్కలు. పిల్ల లోపల జ్వరంతో పడుకుని ఉంది.

అమ్మమ్మ ఖమర్ బీ నన్ను కూర్చోమనలేదు. చనిపోయినావిడ ఆమె కూతురే. గొంతు పెంచకుండా అంది: “నా బిడ్డకు ఆఖరి స్నానం నేనే చేయించిన. నా చేతుల్తోటే తెల్ల కఫన్ బట్ట చుట్టిన. ఈ పిల్ల తలుపు కాడ నిలబడి చూసింది. దాన్ని నువ్వు ఆట చేసినవ్ టీచరమ్మా.”

తెలియదు అనబోయాను. తెలుసు కదా. తల్లి పోయిందని కాంతమణి గారు చెప్పారు. తెల్ల దుప్పటి చుట్టేటప్పుడు నా బుర్రకు తట్టలేదు, అంతే. క్షమించమన్నాను.

పీర్ మహమ్మద్ నన్ను సందు చివరిదాకా దిగబెట్టాడు. కోపం లేదు అతనిలో, అదే భరించలేకపోయాను. తప్పు తనది సుత ఉందన్నాడు. పిల్ల అడిగినప్పుడల్లా అమ్మీ అల్లా దగ్గరికి పోయింది, వస్తది అనే చెప్పాడట. చచ్చిపోయింది అన్న మాట ఇప్పటిదాకా నోట్లోంచి రాలేదట. “నాతోని అయితలేదు మేడం. మీ మాటంటే దానికి నమ్మకం. మీరే చెప్పుర్రి.”

జూలై 20

కౌన్సెలర్‌కి అప్పజెప్పు సింధూరా, ఇది నీ పని కాదు అంటున్నాడు ఉదయ్. కరెక్టే. ఒకావిడతో మాట్లాడాను, వచ్చే నెల దాకా ఖాళీ లేదంది. ఒకటే చెప్పింది: చచ్చిపోయింది అనే అనండి, నిద్ర, ప్రయాణం లాంటి మాటలు వద్దు.

నిన్న రాత్రి జ్వరం కాస్త తగ్గగానే జన్నత్ మళ్లీ ఖబరస్తాన్‌కని చెప్పులు వెతుక్కుందట.

జూలై 22

అద్దం ముందు ప్రాక్టీసు చేశాను. ఛీ.

జూలై 23, బుధవారం

నల్లబడ్డ ప్యూపాని అగ్గిపెట్టెలో పెట్టుకుని వెళ్లాను. ఖమర్ బీ ఈసారి పక్కకు జరిగింది. పీర్ మహమ్మద్ కుట్టుమిషన్ ఆపేశాడు.

జన్నత్ లేచి కూర్చుంది. ఇది చచ్చిపోయింది అని చెప్పాను. సూదితో విప్పాను. లోపల నల్లటి పొడి, ఎండిన తొక్క. పిల్ల వేలితో ముట్టుకుంది. ఇంకొన్ని రోజులు చూస్తే అంది. చూసినా రాదు అన్నాను.

ఇక ఆపితే మళ్లీ చెప్పలేనని తెలుసు. అందుకే ఒక్క గుక్కలో చెప్పేశాను. అమ్మీ కూడా చచ్చిపోయింది. మనుషులు సీతాకోకచిలుకలు కారు. ఆ దుప్పట్లో మారడం లేదు. బయటికి రాదు. నా కథ పురుగుల కథ, అమ్మీ కథ కాదు.

“నేను పోయి కూసున్నది అమ్మీకి ఎరుకైందా?”

అబద్ధం నాలిక చివరిదాకా వచ్చింది. నాకు తెలియదు అన్నాను.

కొట్టింది. చెంప మీద, మెడ మీద, రెండు చేతులతో. ఎవరూ ఆపలేదు. నేనూ జరగలేదు. జ్వరం పడి లేచిన పిల్ల, దెబ్బల్లో బలం లేదు. అలిసిపోయాక ఖమర్ బీ ఒళ్లోకి లాక్కుంది. అప్పుడు ఏడ్చింది. ఆ ఏడుపు గురించి రాయలేను. పీర్ మహమ్మద్ గోడవైపు తిరిగాడు. మే నెలల సుత ఇట్ల ఏడ్వలేదు అని ఖమర్ బీ అంది, ఎవరితోనూ కాకుండా.

నేను చెప్పులేసుకుని వచ్చేశాను.

జూలై 24, గురువారం

సెషన్ లేదు. ఇకపై ఉండదు. మిగతా పిల్లల తల్లిదండ్రులు గొడవ చేస్తున్నారని కాంతమణి గారు ఎంతో మర్యాదగా చెప్పారు. తప్పు పట్టను.

జూలై 29

వాన. ఏమీ లేదు.

ఆగస్టు 8

ఖమర్ బీ ఫోన్ చేసింది. పిల్ల అన్నం తింటోందట, స్కూలుకు పోతోందట. ఖబరస్తాన్‌కి పోవట్లేదట. “నీ గురించైతే అడగలేదు” అంది. మంచిదన్నాను.

ఆమె మాట్లాడుతుంటే వెనక సందులో ఆడుకుంటున్న పిల్లల గోల. అందులో జన్నత్ గొంతు. ఎవరికో చెబుతోంది, మా అమ్మీ చచ్చిపోయింది అని. ఇవాళ కరెంటు లేదు అన్నంత మామూలుగా.

ఆ మాట నేర్పింది నేనే.