ఏడు నాలుకల పొయ్యి

ఉప్పలగుప్తం
సోమవారం, పొద్దు పొడిచేక

చెల్లెమ్మ సూర్యావతిగారికి, మీ వియ్యంకుడు బంగారరాజు చేతులు జోడించి అడిగేది ఒక్కటే.

మీ వంటింట్లో మంట ఎవరి ఆకలి కోసం వెలుగుతోందో, ఎప్పుడైనా దాన్ని అడిగేరా?

అడగలేదు. ఎవరూ అడగరు. అగ్గిపుల్ల గీసి, పాలు పెట్టి, టీవీ చూస్తాం. నేను బళ్లో చదివింది తక్కువే అయినా పురాణాలు సొంతంగా కూడబలుక్కుని చదివి, ఇన్నేళ్లూ రామకోవెల అరుగు మీద కూర్చుని ఊరి మీద నిప్పులు కురిపించేను గదా. ఇప్పుడా గొంతులో కాయలు కాసేయట. కార్తీకం వెళ్లేదాకా పెదవి కదపొద్దని అమలాపురం డాక్టరుగారు ఆజ్ఞ. ఫోన్‌లో రాద్దామంటే నేను ఒకటి కొడితే అది ఇంకోటి దిద్దుకుంటోంది. అందుకని ఈ ఉత్తరం. పొయ్యిలు బిగించడానికి బావగారు అమ్మిరాజుగారు ఎలాగూ ఇటు వస్తున్నారు, ఆయన చేతే పంపుతున్నాను.

మాట ఆగేక ఒక విచిత్రం జరిగిందండి. చెవులు తెరుచుకున్నాయి. అన్నం ఉడికేటప్పుడు మొదట గుసగుసలాడుతుంది, తర్వాత నవ్వుతుంది, ఆఖర్న ఊరుకుంటుంది. ఊరుకున్న క్షణంలో దించాలి. ఈ సంగతి ఏ పండితుడూ నాకు చెప్పలేదు.

ఇవాళ తెల్లారగట్ల కల వచ్చింది. రొయ్యల చెరువుల మీది మంచు లేచి, గట్టు దాటి, మన వంటింట్లోకి నడిచి వచ్చింది. ఆ మంచులో రేవుకి కట్టిన పడవలా ఓ పెద్ద పొయ్యి ఊగుతోంది. దాని మీద ఏడు నీలి మంటలు, ఏడు కలువలు విచ్చినట్టు. అగ్నిహోత్రుడికి నాలుకలు ఏడు, చెల్లెమ్మగారూ. అందులో ఒకదాని పేరు విశ్వరుచి. లోకంలో రుచంతా ఆ నాలుక మీదే ఉంది. కాబట్టి మీ దుకాణంలో ఏడు మంటల కుకింగ్ రేంజి ఉంటే చెప్పండి. ఆరైతే నాకొద్దు.

ఇట్లు
మాట పోయినా మంట పోని
బంగారరాజు

తా.క.: కోడలు లక్ష్మీతులసి కులాసా. వంటింట్లోకి రావడం మానేసింది. ఎందుకన్నది నా నోటితో చెప్పకూడదు.

*

కొత్తపేట
మంగళవారం

అన్నయ్యగారికి సూర్యావతి నమస్కారాలండి.

మీ ఉత్తరం అందింది. మంటని అడగమన్నారు. అడిగేనండి. సిలిండరు అయిపోవచ్చింది, అంది.

మీ గొంతు సంగతి విని బాధపడ్డాం. శొంఠి, పాతబెల్లం పంపుతున్నాను. ఇక పొయ్యి సంగతండి. ఇళ్లకి వాడే రేంజిల్లో పైన అయిదు మంటలకి మించి రావండి. అంతకు మించితే హోటలు బట్టీలే. కానీ మా దగ్గరున్న పెద్ద రేంజికి కింద ఓవెన్ ఉంటుంది. ఓవెన్ లోపల అడుగున ఒక మంట, నెత్తి మీద ఒక మంట. పైనున్న అయిదూ, లోపలున్న రెండూ. మీ దేవుడి లెక్క సరిపోయినట్టే గదండీ. ఆ ఓవెన్‌లో కేకులే చెయ్యాలని లేదు. మా అత్తగారు దిబ్బరొట్టి కాల్చేటప్పుడు మూకుడు కింద నిప్పు, మూత మీద నిప్పు పెట్టేవారు చూడండి, అదే పని అది ఒంటిచేత్తో చేసుకుపోతుంది.

అయితే ఒక్క మాట అడగొచ్చాండి? మీ ఇంట్లో ఉన్నది నలుగురు. ఏడు మంటలు ఎందుకండి? పాపాయమ్మ వదినగారికి మోకాళ్ల నొప్పులు, నిలబడలేరు. ఇక మిగిలింది మా అమ్మాయే. అది వంటింట్లోకి రావడం మానేసిందంటారు, కారణం చెప్పనంటారు. దాని చేతి పులుసు మీకు నచ్చలేదా? ఫోన్ చేసి అడిగితే ‘ఏం లేదమ్మా, హాయిగా తింటున్నాను’ అని నవ్వుతోంది. అత్తారింటి నుంచి కూతురు ఊరికే నవ్వితే తల్లికి ముద్ద దిగుతుందాండి?

ఇట్లు
మీ చెల్లెలు
సూర్యావతి

తా.క.: మీ బావగారు కూడా తిండి మానేసేరండి. తెల్లారకుండా మీ వైపు పొయ్యిలు బిగించడానికని వెళ్తారు, వచ్చి ‘ఆకలి లేదు’ అంటారు. పైగా త్రేన్పులు. షుగరేమో పరీక్ష చేయించాలి.

*

ఉప్పలగుప్తం
బుధవారం

చెల్లెమ్మగారూ, మీ నాలుక మీద కూడా విశ్వరుచి ఉందండి. అయిదూ రెండూ ఏడు. ఇంత తేలిక లెక్క నాకు తట్టలేదు. రాత్రంతా ఆ రెండు లోపలి మంటల గురించే ఆలోచించేను. పైకి కనబడే మంటలు అయిదు, గుండెలో పెట్టుకున్నవి రెండు. మనిషిని కూడా అలాగే చేసి పంపేడేమో భగవంతుడు.

అదే రేంజి ఖాయం. ఆగ్నేయ మూలన పెట్టిస్తాను. వండేవాళ్ల ముఖం తూర్పుకి ఉండాలి, ఎదురుగా కిటికీ ఉండాలి, ఆ కిటికీలోంచి చెరువులు కనపడాలి. పొద్దుపొడుపు వేళ చెరువు నీటికి గాలి పట్టించే చక్రాలు తిరుగుతుంటే తెల్లటి నురుగు లేస్తుంది. ఎవరో ఆకాశాన్ని కవ్వంతో చిలుకుతున్నట్టు ఉంటుంది. అది చూస్తూ వండిన పప్పు రుచే వేరండి.

ఒక్కటే మార్పు. రేంజి నడుము దాకా వస్తుందని బావగారు చేత్తో చూపించేరు. చాలదు. జానెడు ఎత్తున దిమ్మ కట్టించి దాని మీద పెడతాం. కోడలికి అందదే అని మీరు బెంగ పెట్టుకోవద్దు. ఆ పొయ్యి దగ్గరికి కోడల్ని రానివ్వం. దాని ముందు నిలబడే మనిషి వేరు.

ఆ మనిషి పేరు మాత్రం అడగకండి. చేసిన మంచి చెప్పుకుంటే చెరిగిపోతుంది. యయాతి మహారాజు కథ గుర్తు తెచ్చుకోండి. అంత పుణ్యం చేసి స్వర్గానికెళ్లి, నోరు జారి, అక్కణ్ణుంచి కింద పడ్డాడు. అంచేత ఇంట్లో అందరి చేతా ఒట్టు వేయించేను. ఈ మాత్రం చెబుతాను: మనిషి పొడుగు. కాస్త కోపిష్టి. చెయ్యి ఇప్పుడిప్పుడే తిరుగుతోంది. మీ వదిన మొదట్లో ఏడ్చింది. ఇప్పుడు పక్కనే పీట వేసుకుని ఉప్పు ఎంత వెయ్యాలో చెబుతోంది. మా అబ్బాయి నాగేంద్ర మొహంలో పెళ్లినాటి కళ వచ్చింది.

ఇట్లు
బంగారరాజు

తా.క.: సారెలో మీరు పెట్టిన ఇత్తడి గరిటెలు ఆ మనిషి చేతికే ఇచ్చేసేం. అమిరినట్టున్నాయి.

*

కొత్తపేట
బుధవారం సాయంత్రం

బంగారరాజుగారికి,

మర్యాద గల ఇంట్లో పుట్టేను కాబట్టి గారు అంటున్నానండి.

యయాతి కథ మాకూ తెలుసు. మీ అంత గొంతెత్తి చెప్పలేం గాని, విన్నాం. ఆయనకి ఇద్దరు పెళ్లాలు. ఇన్ని కథలుండగా ఏరికోరి ఆ కథే ఎందుకు రాసేరో అర్థం చేసుకోలేనంత అమాయకురాలిని కాదండి నేను. మా పిల్ల పొట్టిదని పెళ్లిచూపుల్లోనే మీకు తెలుసు. అప్పుడు ‘ఇంటికి దీపం లాంటి పిల్ల, దీపానికి పొడుగెందుకు’ అన్నది మీరే. ఇప్పుడు పొడుగు మనిషి కావాల్సి వచ్చిందా? నాగేంద్రకి పెళ్లికళ వచ్చిందా? అత్తగారు ఉప్పు చెబుతున్నారా?

ఆ మనిషి ఎవరో, ఏ ఊరో, మీ ఇంటికి ఎప్పుడొచ్చిందో రాయండి. అంతవరకూ రేంజి కాదు గదా, లైటరు కూడా అమ్మను.

సూర్యావతి

తా.క.: మీ బావగార్ని నిలదీసేను. గోడకేసి చూస్తూ ‘పొడుగే, కానీ చెయ్యి మంచిది’ అన్నారు. అంటే ఈయన కూడా చూసొచ్చేరన్నమాట. ఇవాళ ఈయనకి రాత్రి భోజనం లేదు. బెంగ పెట్టుకున్నట్టు కూడా కనపడలేదు.

*

ఉప్పలగుప్తం
గురువారం

చెల్లెమ్మగారూ,

మీ ఉత్తరం మూడుసార్లు చదివేను. పురాణాన్ని పైపైన చదవకూడదని నేనే చెబుతుంటాను కాబట్టి, లోతుగా చదివేను. ఇద్దరు పెళ్లాల ప్రస్తావన ఊరికే తేరు మీరు. ఏడు మంటలకి ఒక సిలిండరు చాలదు, రెండు కావాలని సూచించేరు. ఎంత సున్నితంగా చెప్పేరండి. ఆయ్, రెండూ పెట్టిద్దాం. ఒకటి నీరసపడితే ఇంకోటి అందుకుంటుంది.

ఇక ఆ మనిషి ఏ ఊరంటారా, ఈ ఊరే. ఎప్పుడొచ్చేరంటారా, కొత్తగా రాలేదండి. ఎప్పట్నించో ఈ ఇంట్లోనే ఉన్నారు. మీకే కాదు, మాకూ ఇన్నాళ్లూ తెలియలేదు. ఇప్పుడు బయటపడ్డారు. పాలు కాగబెట్టేదాకా అందులో మీగడ ఉందని ఎవరికి తెలుస్తుంది?

ఈ మౌనంలో రోజులు కాలవలో కొబ్బరిబొండాల్లా నెమ్మదిగా కొట్టుకుపోతున్నాయి. దూరంగా గోదావరి సముద్రంలో కలిసే చోట హోరు, దగ్గర్లో పోపు చిటపట, రెండూ ఒకే మంత్రంలా వినపడుతున్నాయి. మీరు పేరు అడగడం మానేస్తే ఈ సుఖం ఇలాగే సాగుతుంది.

ఇట్లు
బంగారరాజు

తా.క.: ఎల్లుండి తెల్లారి మా గట్టున పట్టుబడి. వరసాగ్గా చెరువులన్నిట్లో రొయ్యలు పట్టేస్తారు. ఆ మనిషికి ఆ లోపల రేంజి కావాలి. లేకపోతే నిద్రపోరు, మమ్మల్ని పోనివ్వరు.

*

కొత్తపేట
గురువారం, దీపాలు పెట్టేక

బంగారరాజుగారికి,

ఎప్పట్నించో ఇంట్లోనే ఉందని మీ చేత్తో మీరే రాసేరు. ఇక చదవడానికేం లేదు.

రేపు మధ్యాహ్నం దుకాణం వ్యాన్ తీసుకుని వస్తున్నాను. పొయ్యి తేవడానికి కాదండి. మా పిల్లని తీసుకెళ్లడానికి. దాని బట్టలు సర్ది ఉంచమనండి.

సూర్యావతి

తా.క.: గరిటెలు తోమించి పెట్టండి. అవీ తీసుకెళ్తాను.

*

ఉప్పలగుప్తం
శుక్రవారం, పొద్దున్నే

చెల్లెమ్మగారికి,

మీ ఉత్తరం కోడలికిచ్చేను. చదువుతూ చదువుతూ పీట మీంచి జారిపడి నవ్వింది. మీ వదిన కంగారుపడి మంచినీళ్లు ఇచ్చింది. నవ్వు ఆగేక మీ అమ్మాయి కళ్లు తుడుచుకుని ఒక మాటంది: ‘మావయ్యగారూ, మీ పుణ్యం మీరు దాచుకోండి. అక్కడ మా అమ్మకి మాత్రం రెండ్రోజులుగా నిద్ర లేదు.’

తల్లికి నిద్ర పట్టకుండా దాచుకున్నది పుణ్యమెలా అవుతుంది? అంచేత చెప్పేస్తున్నాను. వినండి.

ఆ పొడుగు మనిషిని నేనే. కోపిష్టిని నేనే. సారె గరిటెలు నా చేతిలోనే ఉన్నాయి.

గొంతు పోయేక కోవెల అరుగు ఖాళీ అయిందండి. రాత్రంతా చెరువుల కాపలా కాసి తెల్లారగట్ల ఇళ్లకి పోయేవాళ్లు మాత్రం అలవాటు కొద్దీ ఆగేవారు. నా వంక చూసేవారు. నేనూ చూసేవాణ్ణి. ఓ రోజు మీ వదిన నా కోసం కాచిన జావ అందులో ఒకతని చేతిలో పెట్టేను. అతను కళ్లు మూసుకుని తాగుతుంటే, నేను చెప్పిన ఏ కథకీ ఏ మొహంలోనూ చూడని వెలుగు చూసేను. మర్నాడు ఇద్దరికి అన్నం వండేను. అడుగంటింది. అయినా తిన్నారు. ఇప్పుడు గట్టు మీద కాపలావాళ్లందరూ మంచులోంచి ఒక్కొక్కరే నడిచొచ్చి మా వాకిట్లో కూర్చుంటున్నారు. నోరు విప్పకుండా చేసే ప్రసంగం ఇదేనండి. ముద్ద పెట్టని మాట మాటే కాదు.

లక్ష్మీతులసి వంటింట్లోకి ఎందుకు రాదంటారా? నేను రానివ్వను. గరిటెత్తి తరిమేస్తాను. ఆ అమ్మాయి ఎనిమిది గంటల బస్సుకి అమలాపురం ఉద్యోగానికి వెళ్లాలి. నేను వేడన్నం, చారు, వేపుడు కేరేజీ కట్టి చేతికిస్తాను. అందుకే మీకు ఫోన్‌లో ఆ నవ్వు. భార్యకి వంటపని తప్పింది, తల్లి మోకాళ్లకి విశ్రాంతి దొరికింది, అందుకే నాగేంద్ర మొహంలో ఆ కళ. మీ వదిన మొదట ఏడ్చింది తన వంటింటికి పట్టిన గతి చూసి. పొయ్యి పెట్టే గట్టు ఆవిడ ఎత్తుకి కట్టించినది, వంగి వంగి నా నడుం పోయింది. జానెడు దిమ్మ అందుకు.

ఇంకో సంగతి కూడా చెప్పేయాలి. బావగారికి షుగరు లేదు. కాపలావాళ్ల వరసలో మొదటి విస్తరి ఆయనదే. ఎవరికీ చెప్పొద్దని నేను ఒట్టు వేయిస్తే, ‘మా ఆవిడకి అస్సలు చెప్పను’ అని రెండో ఒట్టు ఆయనే సొంతంగా వేసేరు. నిన్న మూడుసార్లు పప్పు వడ్డించుకుని ‘ఇంట్లో అన్నం పెట్టలేదండి’ అన్నారు. ఆయన్నేమీ అనకండి. ఇదిగో, ఇప్పుడు చెయ్యి కడుక్కుంటున్నారు. ఆ చెయ్యి తుడుచుకోగానే ఈ ఉత్తరం పట్టుకుని బయల్దేరతారు.

చెప్పేసేను. యయాతిలాగే పడిపోయేను. చేసిందంతా చెరిగిపోయింది. పడితే పడ్డాను, మీ కంటికి నిద్ర వస్తుంది గదా. పోయిన పుణ్యం మళ్లీ మొదట్నించి సంపాదించుకోవాలి. దానికి నాకు పొయ్యి కావాలి.

ఇట్లు
పుణ్యం పూర్తిగా ఖర్చైపోయిన
మీ అన్నయ్య
బంగారరాజు

తా.క.: మా పాత పొయ్యిలో ఒక మంట ఎప్పుడో పోయింది, రెండోది ఇందాకే బావగారి ఆఖరి అట్టు మీద ఆరిపోయింది. రేపు తెల్లారేసరికి పట్టుబడికొచ్చిన మనుషులంతా వాకిట్లో ఉంటారు. ఆకలి వాయిదా వెయ్యదండి, మనమూ వెయ్యకూడదు. ఉత్తరం మడుస్తూ కూర్చోకండి, జడ కూడా తర్వాత వేసుకోవచ్చు. వ్యాన్ ఎలాగూ సిద్ధం చేసేరు. అందులో రేంజి ఎక్కించండి, రెండు సిలిండర్లు ఎక్కించండి, మీరూ ఎక్కండి. మధ్యాహ్నం దాకా ఆగకండి, చెల్లెమ్మగారూ. ఇప్పుడే బయల్దేరండి.