ఉప్పు వేసే ముందు

అమ్మడూ,

ఉప్పు విషయంలో మౌనం వహించిన కుటుంబం చరిత్రలో నిలవదని గత ఆదివారం మన వంటింట్లో సప్రమాణంగా రుజువైంది. పోయిన గొడుగు కోసం నువ్వూ మీ అమ్మా మాటలు మానేసి, ఒకరికి తెలియకుండా ఒకరు కూరలో ఉప్పు వేశారు. ఎవరినడిగితే ఎవరికి కోపమోనని నేనూ వేశాను.

ఈ సాయంత్రం వంట నీది. పెద్ద మూకుడు ఒక్కటే చాలు. బంగాళాదుంపలను మందపాటి చక్రాలుగా తరిగి, నూనెలో మూతపెట్టి సన్నసెగన మగ్గనివ్వు. మెత్తబడ్డాక ఉల్లిపాయ, హ్యామ్ ముక్కలు వేసి, అడుగు ఎర్రబడేదాకా గరిటె పెట్టకు. హ్యామ్ అంటే ఉప్పులో ఊరేసిన పందిమాంసమే కనక అందులో ఉప్పు ముందే ఉంటుంది. ఇంకా కావాలో వద్దో తేల్చవలసింది మీ అమ్మ. ఆరింటికి డ్యూటీ నుంచి వస్తుంది. "కాస్త రుచి చూసి చెప్పమ్మా" అను. అంతకు మించిన క్షమాపణ ఆవిడ కోరదు. నిన్న "దానికి నోరు పడిపోయిందా ఏమిటి?" అని నన్ను రెండుసార్లు అడిగింది. వారం రోజులుగా మీ మధ్య రాయబారం నడిపి నా ప్రాణం విసిగింది. ఇద్దరూ ఎదురెదురుగా కూర్చుని తినండి.

మీ నాన్న

తా.క. నేను ఆఫీసు క్యాంటీన్‌లో తినేసి వస్తాను.