చుక్కల సీసాలో నీలగిరి తైలం

డిసెంబర్ 6
ఈయన మీద ఒళ్ళు మండిపోతోంది. పేలు పట్టాయని మా కొట్లో డబ్బాలోని నీలగిరి తైలం తీసి మా పిల్లి 'జీలకర్ర' వీపంతా పట్టించాడు. అది నాకేసింది... ఒకటే చొంగ. కాళ్ళు నిలవడం లేదు. ఇదేం పని అంటే, "ఆకుల నూనెనే గద, ఏమైతది?" ఉమ్మెత్త మాత్రం చెట్టుకు కాయదా!

సబ్బుతో కడిగి, తువ్వాలులో చుట్టి పశువుల డాక్టర్ దగ్గరికి పరుగు. వాసన చూసి, "బిల్లీకి ఇది జహర్ అమ్మా, విషం" అన్నాడు. సూది వేస్తూ అడిగాడు — ఇంట్లో పసిపిల్లలున్నారా? వాళ్ళ ముక్కు దగ్గరికి కూడా రానివ్వొద్దట. ఊపిరాడదట, ఫిట్స్ కూడా రావచ్చట. లేరన్నాను.

దారిలో గుర్తొచ్చింది. మరైగూడ నుంచి వచ్చిన ఆమె.

అదే రోజు, సాయంత్రం
పోయిన అంగడికి వచ్చింది. చంకలో నెలల పిల్ల, జలుబు. తైలం విడిగా పోస్తాం, ఎవరి సీసా వాళ్ళే తెచ్చుకుంటారు. ఆమె తెచ్చింది పిల్ల విటమిన్ చుక్కల సీసా. మూతకే డ్రాపర్. మీద నవ్వుతున్న పాప బొమ్మ.

నింపింది నేను. "ముక్కుల రెండు చుక్కలెయ్యి, తగ్గిపోతది" అన్నదీ నేనే. ఎంత ధీమాగా అన్నాను... ఈయన్ని తిట్టిన నోరే ఇది.

డిసెంబర్ 8
తైలం డబ్బా తీసి గోదాములో పడేశాను. ఈయన మళ్ళీ తెచ్చి గల్లా పక్కన పెట్టాడు. "మా నాయన కాలం నుంచి అమ్ముతున్నం. ఎవలన్న సచ్చిన్రా?"
చస్తే మనకొచ్చి చెబుతారా? మనం ఏనాడైనా అడిగామా? గట్టిగానే అరిచాను. వీధంతా విన్నారు, విననీ.

డిసెంబర్ 9
జీలకర్ర లేచింది. కాసిన్ని పాలు తాగింది. దానికైతే నేనున్నాను.

మరైగూడ వాళ్ళు ఎవరు కనిపించినా ఆపి చెబుతున్నాను, ఆ సీసా పారబోయమనండి అని. "ఆమె పేరేంది అక్కా?" అంటున్నారు. కొలత అడిగాను గానీ పేరు అడగలేదు. సిగ్గుగా ఉంది.

డిసెంబర్ 10, వారపు అంగడి
పొద్దుటి నుంచి గుమ్మంలోనే. ఆమె రాలేదు.

మధ్యాహ్నం ఇంకొకామె వచ్చింది, మరైగూడ నుంచే. చంకలో పిల్లాడు. కొంగు ముడి విప్పి చుక్కల సీసా తీసింది. "గదే నూనె పొయ్యి అక్కా. ముక్కుల రెండు చుక్కలని నువ్వే చెప్పినవంట గద."
"ఆమె పిల్ల ఎట్లుంది?"
"తెల్వది. పిల్లను తీస్కొని తల్లిగారింటికి పోయింది."
ఏ ఊరో ఈమెకు తెలియదు.

సీసా లాక్కుని చెప్పాల్సిందంతా చెప్పాను. నా వంక అనుమానంగా చూసి, తన సీసా తీసుకుని పక్క కొట్టుకు పోయింది.