నా గుండెలోని గెర్గెలీ కవాటం

సెగెడ్‌లో తీసా నది ఒడ్డున కాపురముంటున్న బొడ్‌నార్ ఎటెల్కా అనే నేను, డెబ్బై మూడో ఏట, తెలివి చెదరకుండా, ఎవరి ఒత్తిడీ లేకుండా రాసుకుంటున్న వీలునామా ఇది. గుండె మాత్రం పూర్తిగా నాది కాదు. అందులో ఒక కవాటం కార్బన్‌తో చేసినది.

1. నా ఇల్లు, చేపల పులుసు కాచే గుండిగ, అన్న కూతురు ఎమెషెకు చెందాలి. పులుసులో మిరపపొడి మాడనివ్వకూడదు. ఇది షరతు కాదు, బతిమాలుకోవడం.

2. చదరంగం బల్ల మా అన్న దేనెష్‌కు. నా గుండెలో ఆ కవాటం టిక్కుటిక్కుమంటుంటే ఎత్తు తోచడం లేదని ఏళ్ల తరబడి సణిగాడు. ఇకమీదట నిశ్శబ్దంగా ఓడిపోవచ్చు.

3. నా మరణానంతరం ఆ కవాటాన్ని బయటికి తీసి, నాతో పాటు కృత్రిమ గుండె కవాటాలు రూపొందించిన హాలాస్ గెర్గెలీకి అప్పగించాలి. ఇందుకు నా పూర్తి సమ్మతి ఉంది.

కారణం రాస్తాను. కవాటం రెక్క మూసుకున్నాక కూడా కీలు సందులోంచి కాస్త రక్తం వెనక్కి చిమ్ముతుంది. ఆ వేగానికి ఎర్రకణాలు చిరిగిపోతాయి, సందు బిగించాలని గెర్గెలీ వాదన. బిగిస్తే ఆ మూలను కడిగే ధార ఉండదు, నిలిచిన రక్తం గడ్డకడుతుంది, కాస్త వదులుండాలని నాది. చెరొకటి తయారుచేశాం. రెండూ పనిచేశాయి. తగవు తెగలేదు.

తర్వాత నా గుండెలో పుట్టుకతో ఉన్న కవాటమే పాడైంది. నేను గెర్గెలీది పెట్టమన్నాను. అతను ఆస్పత్రికి పరుగెత్తుకొచ్చాడు.

"నీది ఉండగా నాదెందుకు పెట్టించుకుంటున్నావు, ఎటెల్కా?"

"నాది ఎలా నడుస్తుందో నాకు తెలుసు. నీదే తెలీదు."

రక్తం పలచబరిచే మాత్ర దాదాపు రోజూ వేసుకున్నాను. అయినా ఒకనాడు చేతిలోంచి గరిటె జారింది, కాసేపు మాట పడిపోయింది. చిన్న గడ్డేదో మెదడు దాకా వెళ్లిందన్నారు. అది ఆ కీలు దగ్గర పుట్టిందా, ఆ వారం నేను మాత్ర మరిచినందుకా? సూక్ష్మదర్శిని కింద పెట్టి గెర్గెలీ చూడాలి. ఏం కనిపిస్తే అది రాయాలి. నా మీద జాలితో ఏదీ దాచకూడదు. ఒక్క మనిషి గుండెతో ఏదీ రుజువు కాదని కూడా రాయాలి.

4. కిందటి చలికాలం గెర్గెలీకీ ఆపరేషన్ అయింది. నన్ను అడక్కుండా నేను చేసిన కవాటమే పెట్టించుకున్నాడు. ఈ మధ్య ముఖం పాలిపోయింది. నా సందు అతని రక్తకణాలను చీలుస్తోందేమోనని, మా ఇంటికి వచ్చినప్పుడల్లా రక్తపరీక్ష కాగితం లాక్కుని చూస్తున్నాను. అతను నాకంటే ముందు పోతే మూడో అంశం చెల్లదు. అతని వీలునామా ప్రకారం అతని కవాటం నాకు వస్తుంది. అది రాకూడదని నా కోరిక.

లబ్ధిదారు సాక్షిగా ఉండకూడదన్నారు వకీలు. అందుకని గెర్గెలీ పక్కగదిలో కూర్చున్నాడు. తలుపు తీసే ఉంచమన్నాను. రెండు టిక్కుల్లో ఏది ఎవరిదో ఇక్కడెవరూ చెప్పలేకపోతున్నారు.

సెగెడ్, 2019 అక్టోబరు 11.

(సంతకం) బొడ్‌నార్ ఎటెల్కా

సాక్షులు: వర్గా తిహమేర్, పొరుగింటాయన
కొచిష్ పిరోష్కా, నర్సు