ఎర్ర చెప్పులు

లచ్చవ్వా,

నా రాత కోడి కెలికినట్టు ఉంటుందని నవ్వేదానివి. ఇప్పుడూ అంతే, తప్పులుంటే సర్దుకుని చదువు. నువ్వు కాలం చేసి ఇవాళ్టికి ఏడాది.

ఇక్కడ కువైట్‌లో శుక్రవారం సెలవని, మా గదిలో ఉండే తమిళ కుర్రాడు సెల్వం ఫోనులో వాళ్ళ భాష సినిమా పెట్టాడు. పేరున్న హీరో లేడు, పాటల్లేవు. అందులో ఒకామె పెద్ద కులపోళ్ళ వాడ రాగానే చెప్పులు విప్పి చేత పట్టుకుని నడిచింది. భాష రాకపోయినా అది నాకు అర్థమైంది. కువైట్ నుంచి నేను తెచ్చిన ఎర్ర చెప్పులు నువ్వు మొదటిసారి తొడుక్కున్న రోజు, దొరల వాడ మలుపులో "విప్పెయ్యే, లొల్లెందుకు" అన్నది నేనే. నువ్వు విప్పి చేత పట్టుకున్నావు. మళ్ళీ వాటిని తొడుక్కోలేదు.

"చాచా, మీ ఊళ్ళో కూడా ఇలాగే ఉంటుందా?" అని సెల్వం హిందీలో అడిగాడు. పక్కనే మా గదిలోనే ఉండే ఆర్మూరు దిక్కు గంగారెడ్డి ఉన్నాడు. మనది ఏ వాడో అతనికి పద్నాలుగేళ్ళుగా చెప్పలేదు, వంట వేరు పెట్టుకుంటాడేమోనని భయం. ఈసారి నీ చెప్పుల సంగతంతా చెప్పేశాను.

గంగారెడ్డి "ఇన్నేండ్లు ఒక్క గిన్నెల తిన్నం. ఎన్నడన్న చెప్పకపోతివేందే" అన్నాడు. తర్వాత లేచి, గుమ్మం దగ్గరున్న నా చెప్పులు చేత్తో తెచ్చి నా కాళ్ళ ముందు పెట్టాడు.

"తొడుక్కో. పోయి చాయ్ తాగొద్దాం."

తొడుక్కో అనే ఆ మాట ఆ రోజు నేను నీతో అనాల్సింది. రాయలేవని తెలుసు, అయినా నా మీద కోపం పోయిందో లేదో, తొందరగా జాబు రాయి.

నీ పెనిమిటి రాజయ్య